కడలియే కాణాచియైన దేశము

ఒక దేశము పెద్దదో చిన్నదో తేల్చవలసి వచ్చినప్పుడు మనము సాధారణముగా దాని భూవిస్తీర్ణమును, జనసంఖ్యను లెక్కకు తీసికొందుము. ఈ కొలతతో చూచినచో హిందూమహాసముద్రపు పశ్చిమభాగమున, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా నున్న సీషెల్స్ దేశము గణనకే రాదు. దాని 115 ద్వీపములను ఒక్కచోట చేర్చినను నేల 455 చదరపు కిలోమీటర్లకు మించదు. జనులు ఇంచుమించు లక్షమంది. కాని యా ద్వీపములు సముద్రమున దూరదూరముగా చెదరియుండుటచేతను, 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్రన్యాయపు ఒడంబడిక తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వరకు గల జలములందలి మత్స్యఖనిజాది సంపదలపై తీరదేశమునకు హక్కు నొసంగుటచేతను, ఆ లక్షమంది యధీనములో దాదాపు 13 లక్షల 50 వేల చదరపు కిలోమీటర్ల సముద్రము కలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటిని కలిపినను అందులో అయిదవ వంతు మాత్రమే యగును. నేలకు మూడువేల రెట్లు నీరు గల యా దేశమునకు కడలియే కాణాచి, కడలియే జీవనాధారము.

ఇట్టి చిన్న ద్వీపదేశములు పసిఫిక్, కరీబియన్, హిందూమహాసముద్రములయందు అనేకము కలవు. 1994లో బార్బడోస్ దేశమున జరిగిన మహాసభ వాని ప్రత్యేక సమస్యలను ప్రపంచము ముందుంచెను. ఏలుకొనవలసిన జలరాశి అపారము, కాపు కాయు చేతులు కొలది, బొక్కసమున నున్న ధనము స్వల్పము: ఇది వాని యన్నిటికిని సామాన్యమైన దుస్థితి. అట్టి దేశము తన సముద్రమున ఎంత భాగమును వాడుకొనవలెను, ఎంత భాగమును ముట్టక విడువవలెను, ఆ నిర్ణయము చేయుటకు ఎవరు కూర్చుండవలెను అను ప్రశ్నలకు సీషెల్స్ ప్రజలు ఆరేండ్లపాటు ఓపికతో సమాధానము వెదకిరి. ఆ వృత్తాంతము తెలిసికొనదగినది. సముద్రముపై గీచిన గీత నిలువవలెనన్నచో, ఆ గీతవలన నష్టపోవువాని సమ్మతియు, దానిని కాపాడుటకు వలయు నిత్యధనమును, రెండును సమకూడవలెనని అది మనకు చాటుచున్నది.

మొదట ఆ దేశము సముద్రమును ఏయే విధముల నాశ్రయించి బ్రదుకుచున్నదో చూతము. రాజధానియైన విక్టోరియా నగరపు రేవునకు, మన జాలరులు సూర యని పిలుచు ట్యూనా చేపలను వేటాడు పెద్ద ఓడలు, ముఖ్యముగా స్పెయిన్, ఫ్రాన్సు దేశములవారివి, వచ్చి సరకు దించును. ఆ రేవు ప్రక్కనే ట్యూనాను డబ్బాలలో నింపు కర్మాగారము కలదు. అట్టివానిలో అది ప్రపంచమునందలి మిక్కిలి పెద్దవానియందు ఒకటి, ఆ దేశమున వేలమందికి జీతము నిచ్చునది. రెండవది పర్యాటకము: 2019వ సంవత్సరములో 3 లక్షల 84 వేలమంది యాత్రికులు, అనగా దేశజనాభాకు దాదాపు నాలుగురెట్లు, ఆ తెల్లని ఇసుకతీరములను చూడవచ్చిరి. మూడవది స్థానిక జాలరుల చిన్నపడవల వేట. ఆ దీవులవారి నిత్యభోజనమున చేప లేని పూట అరుదు. వీనికి తోడు సముద్రగర్భమున చమురు లభించునేమోయని వెదకువారు కలరు. రేవును విస్తరింపవలెననువారు, ఓడల మార్గములు చూచువారు, సముద్రపక్షులను తాబేళ్లను కాపాడవలెననువారు కలరు. వీరందరును కోరునది ఆ నీటినే. ఒకరి యక్కర మరియొకరి యక్కరకు అడ్డు తగులకుండ ముందుగనే యెవరికి నెక్కడ చోటో నిర్ణయించుటయే సముద్ర స్థలప్రణాళిక యనబడు కార్యము.

ఇట్టి ప్రణాళిక అత్యవసరమని ఆ ప్రజలకు బోధపరచినది ప్రకృతియే. 1998లో ఎల్‌నినో ప్రభావమున హిందూమహాసముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కెను. పగడపు జీవి యొడలిలో సూక్ష్మమైన శైవలములు నివసించుచు, సూర్యకాంతితో ఆహారమును సిద్ధపరచి దానికి పెట్టుచుండును. పగడములకు రంగు నిచ్చునవియు నవియే. నీటి వేడిమి కొంతకాలము హద్దు మీరి నిలిచినచో ఈ సహవాసము చెడును, శైవలములు వెడలిపోవును, పగడము తెల్లబారి ఆకలిచే నశించును. ఆ యేడు మాహే, ప్రాలీన్ మొదలగు లోపలి దీవుల చుట్టునున్న సజీవ ప్రవాళములలో నూటికి తొంబది పాళ్లు ఇట్లు నశించెనని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పగడపుదిబ్బ చేపపిల్లలకు పుట్టినిల్లు, కెరటమునకు అడ్డుకట్ట, యాత్రికునకు కనుపండువు. అది కూలినచో పైని జెప్పిన జీవనోపాధు లన్నియు కదలిపోవును. దిబ్బలు కొన్నిచోట్ల మెల్లగా తేరుకొనుచుండగా 2016లో మరల నీటి వేడిమి తాకెను. వేడిమిని ఆపు శక్తి యా చిన్న దేశమునకు లేదు. అయినను అధికమైన వేట, కాలుష్యము మున్నగు ఇతర బాధలను తగ్గించినచో దిబ్బలు కోలుకొనుటకు వ్యవధి దొరకునని వారు గ్రహించిరి.

అదే కాలమున ఋణము మరియొక ప్రక్కనుండి తరుముచుండెను. దేశము సంవత్సరమున ఆర్జించు మొత్తమును మించిన అప్పు పేరుకొని, 2008లో ప్రపంచమంతటను ద్రవ్యసంక్షోభము పుట్టినప్పుడు, సీషెల్స్ తన విదేశ ఋణపు వాయిదా చెల్లింపలేక చేతులెత్తవలసి వచ్చెను. మరుసటి యేడు ఋణదాత ప్రభుత్వముల కూటమియైన పారిస్ క్లబ్ కొంత బాకీ రద్దుచేసినను, మిగిలిన భారము తక్కువది కాదు. సముద్రపు మేలుకై వెచ్చింపదలచిన ప్రతి రూపాయయు ఏదో బాకీకి చెల్లవలసినదే. ఈ చిక్కునుండియే ఒక క్రొత్త యుపాయము పుట్టెను. జేమ్స్ మిషెల్ అధ్యక్షుడుగా నున్న కాలమున, ది నేచర్ కన్సర్వెన్సీ యను పరిరక్షణ సంస్థతో కలిసి, అప్పును ప్రకృతిరక్షణకై మార్చుకొను ఒడంబడికను ఆ దేశము కుదుర్చుకొన్నది.

ఆ ఒడంబడిక నడచిన తీరు సామాన్య పాఠకునకు గూడ అర్థము కాదగినదే. సీషెల్స్ పరిరక్షణ, వాతావరణ అనుసరణ ధర్మనిధి యను స్వతంత్ర సంస్థ 2015లో ఏర్పడెను. దానికి 1 కోటి 52 లక్షల డాలర్ల అప్పును, దాతల నుండి 50 లక్షల డాలర్ల విరాళమును సమకూరెను. ఈ 2 కోట్ల 2 లక్షలతో అది పారిస్ క్లబ్ ప్రభుత్వములకు సీషెల్స్ బాకీపడిన 2 కోట్ల 16 లక్షల డాలర్ల పత్రములను కొంత తగ్గింపు ధరకు కొన్నది. అప్పటినుండి సీషెల్స్ ప్రభుత్వము ఆ బాకీని విదేశములకు గాక తన దేశమునందలి యీ నిధికే, దీర్ఘకాలికమైన సులువైన వాయిదాలతో, కొంత భాగము స్వదేశపు నాణెములోనే, చెల్లించుచు వచ్చినది. నిధి యా సొమ్ములో కొంత తాను తెచ్చిన అప్పు తీర్చుటకు, కొంత ఏటేట సముద్రరక్షణ కార్యములకు, కొంత భవిష్యత్తునకు మూలధనముగా నిలుపుటకు వినియోగించును. ఇందుకు ప్రతిగా దేశము చేసిన వాగ్దానము గొప్పది: తన జలములలో నూటికి ముప్పది పాళ్లు రక్షితప్రాంతములుగా ప్రకటింతుననెను. అప్పటికి రక్షణలో నున్న భాగము నూటికి నాలుగు శతాంశములు, అనగా 0.04 శాతము మాత్రమే. ఆ వాగ్దానము ఎంత సాహసముతో కూడినదో ఈ యంకెయే తెలుపగలదు.

వాగ్దానము చేయుట యొక యెత్తు, ఆ ముప్పదిపాళ్లు ఏవియో నిర్ణయించుట మరియొక యెత్తు. 2014లో ప్రారంభమైన ప్రణాళికా కార్యము 2020 వరకు సాగెను. రెండువందలకు మించిన సమావేశములు జరిగెను. జాలరులు, ట్యూనా వ్యాపారులు, హోటళ్లవారు, చమురు అన్వేషకులు, రేవు అధికారులు, ప్రకృతి సంరక్షకులు ఒకే పటము చుట్టు కూర్చుండిరి. తాబేళ్లు గ్రుడ్లు పెట్టు తీరములు, సముద్రపక్షులు మేత వెదకు దూరములు, పగడపుదిబ్బలు, సముద్రపు గడ్డిమైదానములు, ఓడల దారులు, చమురు ఉండవచ్చునని యూహింపబడిన పొరలు వేరువేరు పటములుగా సిద్ధమయ్యెను. వానిని ఒకదానిపై నొకటి పరచినప్పుడు ఎచ్చట ఒకరి ప్రయోజనము మరియొకరి ప్రయోజనమును ఢీకొనుచున్నదో తేటతెల్లమయ్యెను. అట్టి తావుల గూర్చియే వాదములు సాగెను, ఒకరు కొంత విడుచుటయు మరియొకరు కొంత పొందుటయు జరిగెను.

ఈ సంప్రదింపులలో జాలరి నోటిమాటకు గల విలువను ఒక్క యుదాహరణము చెప్పును. ప్రాలీన్ దీవి పరిసరములందు, మన కోస్తా కాలువలలో పెట్టు మావులవంటి వెదురుబుట్టలను జాలరులు దిబ్బల ప్రక్క నీటి యడుగున దించుదురు. ఆ దీవుల క్రియోలు భాషలో వానికి కజియే యని పేరు. వానిలో ఎక్కువగా పడునది కొర్దొన్యే యను చేప. ఇది దిబ్బలపై మొలచు నాచును మేసి పగడములకు ఊపిరాడనిచ్చు ఉపకారి. గ్రుడ్లు పెట్టు కాలమున పున్నమి రోజులకు ఈ చేపలు వందలుగా వేలుగా కొన్ని నిర్ణీత స్థలములకు వచ్చి గుమికూడును. ఆ తావులు శాస్త్రజ్ఞులకంటె ముందుగా తరతరములుగా జాలరులకు తెలియును. ఆ కొద్ది రోజులలో బుట్టలు దించినవానికి చేప విస్తారముగా చిక్కును. అచ్చటనే వేట యధికమైనచో మరుసటి తరము చేప పుట్టకముందే తరిగిపోవును. అట్టి స్థలమును గుర్తింపవలెనన్న జాలరియే చెప్పవలెను. చెప్పుటచే మొదట నష్టపోవువాడును జాలరియే. వానిని నమ్మించి, వాని మాట మన్నించి, వాని నష్టమునకు మార్గము చూపనిదే ఏ యధికారియు ఆ గుట్టు రాబట్టజాలడు. ప్రణాళిక తయారగుటకు ఆరేండ్లు పట్టెననగా అది యాలస్యము గాదు. విశ్వాసము పెంపొందుటకు పట్టిన కాలమది.

2018 ఫిబ్రవరిలో మొదటి మెట్టుగా 2 లక్షల 10 వేల చదరపు కిలోమీటర్లు రక్షితములయ్యెను. అందులో అల్దాబ్రా ద్వీపసమూహము చుట్టునున్న 74 వేల చదరపు కిలోమీటర్లకు పైబడిన జలములందు వేట సంపూర్ణముగా నిషేధింపబడెను. ఈ యల్దాబ్రా చరిత్ర గమనింపదగినది. లక్షకు పైగా మహాకూర్మములకు నెలవైన ఆ పగడపు వలయముపై 1960వ దశకమున బ్రిటిషు ప్రభుత్వము వైమానిక స్థావరము నిర్మింపదలచెను. శాస్త్రజ్ఞులు తీవ్రముగా ప్రతిఘటించిరి. బ్రిటను ఆర్థిక ఇబ్బందులును తోడై 1967లో ఆ యూహ విరమింపబడెను. 1982లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను. తప్పిన ప్రమాదమునుండి నేర్చిన పాఠము అర్ధశతాబ్దము తరువాత చట్టముగా రూపొందినది.

2020 మార్చి 26వ తేదీన అప్పటి అధ్యక్షుడు డానీ ఫోర్ చేవ్రాలు చేయగా తుది మెట్టు పూర్తియై, రక్షితజలములు దాదాపు 4 లక్షల చదరపు కిలోమీటర్లకు చేరెను. ఇచ్చిన మాట నిలిచెను. వీనిలో ఇంచుమించు సగము మిక్కిలి కట్టుదిట్టమైన రక్షణలో నున్నవి, అచ్చట వేటయు తవ్వకమును కూడవు. మిగిలిన సగమున జీవరాశికి హాని కలుగని రీతిని, నియమములకు లోబడి, కొన్ని జీవనోపాధులు సాగవచ్చును. మిగిలిన డెబ్బది పాళ్ల సముద్రము పలువిధముల వినియోగమునకు తెరచియున్నది. ముట్టరాని చోటు, మితముగా వాడుకొనదగిన చోటు, స్వేచ్ఛగా వాడుకొనదగిన చోటు అను ఈ మూడంచెల విభాగమే ప్రణాళికకు ప్రాణము.

చేవ్రాలు జరిగిన ఆ మార్చిలోనే కోవిడ్ వ్యాపించి యాత్రికుల రాక స్తంభించెను. దేశాదాయము ఒక్కసారిగా పడిపోయెను. ఒక్క వృత్తిని నమ్ముకొన్న ద్వీపమునకు ఎంత ముప్పో అప్పుడు మరల స్పష్టమయ్యెను. ఆదాయము పడిపోయినను రక్షణ ఖర్చు ఆగదు: రక్షితప్రాంతమును గస్తీ కాయుటకు పడవలు, విమానములు, ఓడల కదలికలను ఉపగ్రహముల సాయమున గమనించు వ్యవస్థ, వానికన్నిటికిని ఏటేట ధనము కావలెను. ఈ యక్కరను ముందే యెరిగి 2018 అక్టోబరులో సీషెల్స్ ప్రపంచమున మొట్టమొదటి ‘నీలి బాండు’ను, అనగా సముద్రపు మేలుకై అప్పు తెచ్చుకొను పత్రమును, జారీచేసెను. దానివలన పదేండ్ల గడువుపై 1 కోటి 50 లక్షల డాలర్లు లభించెను. ప్రపంచబ్యాంకు కొంత మొత్తమునకు పూచీయుండుటచేతను, ప్రపంచ పర్యావరణ నిధి చౌకవడ్డీ అప్పు నిచ్చుటచేతను, 6.5 శాతము కావలసిన వడ్డీ దేశమునకు 2.8 శాతముగా మాత్రమే పడినది. ఆ సొమ్మును చేపల సంపద పునరుద్ధరణకును, సముద్రోపాధులు చేపట్టువారికి అప్పులు, గ్రాంటులు ఇచ్చుటకును వినియోగించుటకు ఏర్పాటు చేసిరి. తన మత్స్యవ్యవహారముల లెక్కలను ప్రజలయెదుట ఉంచు అంతర్జాతీయ పారదర్శకతా పథకము క్రింద 2021లో మొట్టమొదటి నివేదికను వెలువరించిన దేశమును ఇదియే. ఎవరికి ఎంత వేటకు అనుమతి యిచ్చిరో, ఎంత రుసుము వచ్చెనో జనులకు తెలిసినప్పుడే వారు విధింపబడిన నియమములను న్యాయమైనవిగా తలతురు.

ఇంత చేసినను, ప్రణాళిక చేతికి అందని కష్టములు కొన్ని మిగిలియున్నవి. ట్యూనా గీతల నెరుగదు. ఒక దేశపు జలములనుండి మరియొక దేశపు జలములకు, అటనుండి ఎవరికిని చెందని నడిసముద్రమునకు సాగిపోవుచుండును. పసుపురెక్కల ట్యూనా మితిమీరి వేటాడబడుచున్నదని 2015లో తేలగా, విక్టోరియాలోనే కార్యాలయము గల హిందూమహాసముద్ర ట్యూనా సంఘము 2016లో పట్టుబడికి మితులు విధించెను. ఆ మితుల భారము తక్కువ సంపాదించు ద్వీపదేశములపై ఎంత, ఎక్కువ పట్టు దూరదేశముల ఓడలపై ఎంత యను వివాదము ఏటేట ఆ సంఘమున సాగుచునే యున్నది. ఇక స్థిరనివాసులు లేని యల్దాబ్రా తీరమునకు కొట్టుకొనివచ్చు ప్లాస్టిక్కు సంగతి చూడుడు. 2019లో స్వచ్ఛందసేవకులు కొన్ని వారములు శ్రమించి అచ్చట 25 టన్నుల చెత్త నెత్తిరి. అందులో తెగిన వలలు, త్రాళ్లు, ట్యూనా ఓడలు చేపలను ఆకర్షించుటకు విడుచు తేలుతెప్పల శకలములు విస్తారముగా నుండెను, పాతచెప్పులు వేలకొలది యుండెను. ఇంకను అయిదువందల టన్నులకు పైబడి మిగిలియున్నదని వారు అంచనావేసిరి. ఆ చెత్త విసరినవారెవరో, దాని నెత్తు ఖర్చు భరించినవారెవరో పాఠకులు ఆలోచింపవలెను.

నియమమును నిలబెట్టుకొనుటకు ధనము ఎంత యవసరమో పసిఫిక్ అనుభవము చూపినది. కిరిబాటి దేశము ఫీనిక్స్ దీవుల చుట్టు 4 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన జలములను రక్షితప్రాంతముగా ప్రకటించి, 2015 మొదలు అచ్చట వాణిజ్యవేటను పూర్తిగా ఆపెను. కాని వేట అనుమతుల రుసుమే ప్రభుత్వమునకు ముఖ్యాదాయము; నష్టమును పూరింపదగిన ధనము చేకూరలేదని తెలుపుచు 2021లో ఆ జలములను తిరిగి తెరువ నిశ్చయించెను. పలావు దేశము తన జలములలో నూటికి ఎనుబది పాళ్లు 2020 జనవరి నుండి మూసివేసినది గాని, ఆ నిర్ణయమును నిలుపుకొనుట యచ్చటను సులభము కాదు. ఆ దేశముల నిందించుట తగదు. పిల్లల బడికి, ఆసుపత్రికి సొమ్ము కావలసిన ప్రభుత్వము, పరులు మెచ్చు వాగ్దానము నొంటరిగా ఎంతకాలము మోయగలదు?

సీషెల్స్ ఒంటరితనమును తగ్గించు ఒక ప్రయత్నము మారిషస్‌తో దానికి గల మైత్రి. ఈ రెండు దేశములును 2012లో, మాస్కరీన్ పీఠభూమియందలి దాదాపు 4 లక్షల చదరపు కిలోమీటర్ల సముద్రగర్భమును పంచుకొని తగవులాడుటకు బదులు ఉమ్మడిగా పరిపాలింప ఒప్పందము చేసికొనిరి. మారిషస్ పేరు మనకు క్రొత్తది కాదు: కాకినాడ చేరువనున్న కోరంగి రేవునుండి పోయినవారగుటచే కోరంగులని పిలువబడిన తెలుగు కూలీల సంతతి అచ్చట స్థిరపడియున్నది, ఉగాది యచ్చట ప్రభుత్వ సెలవుదినము. 2020 జూలైలో ఆ దీవి యాగ్నేయతీరపు దిబ్బకు వకాషియో యను సరకు ఓడ తగిలి, వెయ్యి టన్నులకు చేరువైన చమురు కారినప్పుడు, చెరకు ఆకులతో నింపిన అడ్డుకట్టలను స్వయముగా కుట్టి నీటిలో పరచిన పౌరులు వేలమంది. సముద్రప్రణాళిక కాగితపు పని కాదని, తన యూరి తీరమును కాపాడుకొను జనుల పూనికయే దానికి ఆధారమని యానాటి శ్రమ చాటినది.

సీషెల్స్ నేర్పు పాఠము పెద్ద దేశములకును వర్తించును. మన తూర్పుతీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేట నిషేధింపబడును. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మత్స్యకార కుటుంబములకు భృతి నిచ్చుచున్నది. చేప గ్రుడ్లు పెట్టు కాలమును మన్నించుటయు, ఆ మన్ననకై పస్తుండు కుటుంబమునకు అన్నము పెట్టుటయు ఒకే ధర్మమునకు రెండు భాగములని ఆ యేర్పాటు అంగీకరించుచున్నది. సీషెల్స్ ఆ ధర్మమును ఒక దేశపు సముద్రమంతటికి విస్తరింపజేయ యత్నించెను. అయితే ఆ దేశము లక్షమంది బలముతో మోయుచున్నది కేవలము తన భారము గాదు. దాని జలములలో వేటాడు ధనిక దేశముల ఓడలును, గాలిని వేడెక్కించు మహానగరముల పొగయు ఆ భారమును పెంచుచున్నవి. కావున వేటాడువారు న్యాయమైన రుసుము చెల్లించి, విడిచిన వలలను తామే యెత్తి, పొగను తగ్గించి, గస్తీ ఖర్చులో పాలు పంచుకొనుట ఔదార్యము గాదు, బాకీ తీర్చుటయే. అప్పుల భారమున నుండియు ఒక చిన్న జాతి తన జలములలో ముప్పది పాళ్లను రాబోవు తరముల కొరకు విడిచిపెట్టినది. దానికంటె ఎన్నోరెట్లు సంపన్నములైన దేశములు తమ వంతు ఏమిటో ఇకనైన నిర్ణయించుకొనవలెను.